లీకేజీ లేని మండలంలో ట్రాక్టరు

మా మండలంలో లీకేజీ లేదు. ఈ మాట నేను అనడం లేదు, బస్టాండు ముందు పెట్టిన పెద్ద బోర్డు అంటోంది. బోర్డు అన్నాక కాదనడానికి మనమెవరం?

లీకేజీ లేకుండా చేసిన పద్ధతి చాలా సులువు, మిగతా మండలాలు నేర్చుకోవచ్చు. నీటి బొట్టును కాపాడాలని పైనుంచి ఒక ఉద్యమం దిగింది. ఉద్యమంతో పాటే ప్రత్యేకాధికారి విరించి ప్రసాద్ గారూ దిగారు. ఆయన ఊరూరా తిరిగి కారుతున్న ప్రతి కుళాయినీ గుర్తించారు. గుర్తించి పీకించారు. కుళాయి లేని చోట కుళాయి కారదు. ట్యాంకుకు పగులుంటే ట్యాంకు నింపడం మాన్పించారు. బడి కప్పు కురుస్తుంటే ఆ కప్పు కింద ఎవరూ కూర్చోరాదని ఆర్డరు వేశారు. తడిసేవాళ్లు లేకపోతే కురుస్తోందని చెప్పేవాళ్లూ ఉండరు. ఇలా ఒక్క ఎండాకాలంలో మండలమంతా పొడిగా తయారైంది. ఇక రాష్ట్రం నుంచి పరిశీలక బృందం వచ్చి చూసి, జలరక్షక పతాకం చేతికిచ్చి పోవడమే మిగిలింది.

అంతా సవ్యంగా ఉన్నప్పుడు సహకార సొసైటీ షెడ్డులో ఉన్న పాత ట్రాక్టరు కిందికి నీళ్లు వదలడం మొదలుపెట్టింది.

ఆ ట్రాక్టరు సన్నకారు రైతులందరికీ వంతుల మీద తిరుగుతుంది. ఆ రోజు ఎల్లంకి సత్తెవ్వ వంతు. కాలువ చివర ఆమెకు రెండెకరాల పొలముంది. ప్రైవేటు ట్రాక్టర్లు పెద్ద కమతాలు అయ్యేదాకా కాలువ చివరి వైపు తిరిగి చూడవు. నారు అప్పటికే ఎదిగి తల వంచుతోంది. నారు ముదిరితే పిలక వేయదు. పిలక లేకపోతే కంకి లేదు, కంకి లేకపోతే ఏడాది తిండి లేదు. కాలువ నీళ్లు కూడా ఇంకెన్నాళ్లో వదలరు. మడిని బురదగా కలియదున్ని దమ్ము కొట్టడం ఈ వారం జరగాలి, లేదంటే ఈ పంటకు జరగదు. సత్తెవ్వ పొద్దున్నే షెడ్డుకు వచ్చి డ్రైవర్ బాలనర్సు ముందు నిలబడింది.

"బండి తియ్యి బిడ్డా. ఇయ్యాల నా వంతు."

"తీస్తగని పెద్దమ్మా, ఇది బిందెలకు బిందెలు తాగుతున్నది. నీ పొలంల దమ్ము కొట్టాల్నా, దీనికి నీళ్లు మొయ్యాల్నా?"

"తాగినయి ఏడికి పోతున్నయి?"

"గదే తెలుస్తలేదు. వేడి ముల్లు చూడు, ఎర్రగీత దాటింది. గిట్లనే నడిపితే ఇంజిను పట్టేస్తది."

మెకానిక్ గౌస్‌ను పిలిపించారు. గౌస్‌కు జబ్బు చూడకముందే దాని పేరు తెలుస్తుంది.

"హోస్ పైపు," అన్నాడు షెడ్డు గడప దగ్గరి నుంచే. "రబ్బరు పగిలింది. కండ్లు మూసుకొని చెప్త."

"జర తెర్చి చూడు గౌసూ," అంది సత్తెవ్వ.

పైపు మార్చాడు, క్లిప్పులు బిగించాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. అయితే రేడియేటరన్నాడు. రేడియేటర్ విప్పి, నీళ్లు నింపి, చుట్టూ చూసి, ఏమీ దొరక్క మళ్లీ బిగించాడు. ఇక అనుమానమే లేదు, హెడ్డు గ్యాస్కెట్ పోయిందన్నాడు. ఇంజిను మొత్తం విప్పాలన్నాడు. బాలనర్సు ఆయిలు పుల్ల లాగి చూపించాడు. "గ్యాస్కెట్ పోతే ఆయిల్ల నీళ్లు గలిసి తెల్లగైతది. ఇది నల్లగనే ఉన్నది గదన్నా?"

"ఇయ్యాల నల్లగుంటది, రేపు తెల్లగైతది," అన్నాడు గౌస్. పట్టు వదిలే మనిషి కాదు.

సత్తెవ్వకు ఓపిక అయిపోయింది. "ముందుగాల తుడువుండ్లి ఇద్దరూ. అంతా తడితడి ఉంటే ఏడికెల్లి కారుతున్నదో ఎట్ల తెలుస్తది?" అని తనే ఒక గోనెసంచి తీసుకుని ఇంజినును తోమడం మొదలుపెట్టింది. ముగ్గురూ కలిసి పొడిగా తుడిచారు. కింద అట్టపెట్టె విప్పి పరిచారు. ఇంజిను తిప్పి, గొంతుక్కూర్చుని చూశారు. కాసేపటికి వాటర్ పంపు కింద, చిటికెన వేలు కూడా పట్టనంత సన్నటి రంధ్రంలోంచి, కూలెంటు రంగు ఇంకా పోని ఆకుపచ్చ చుక్క ఒకటి జారి అట్ట మీద పడింది. దాని వెనక ఇంకొకటి.

"నేను మొదటిసంది గదే అంటున్న," అన్నాడు గౌస్. "పంపు సీలు పోయింది."

"సీలు పోతే రంధ్రంలకెల్లి ఎందుకొస్తయి? రంధ్రం ఎవడు చేసిండు?"

"కంపెనోడే చేసిండక్కా. లోపట సీలు పాడైతే నీళ్లు బేరింగులకు పోకుండ ఇట్ల బయటికొస్తయి. మనకు తెల్వాల్నని పెట్టిన తొవ్వ అది. సీలు పట్నంల దొరుకుతది. తెస్తే పూట పని."

పూట పని. సత్తెవ్వ కొంగు దులుపుకుని లేచింది. మర్నాటికి దమ్ము అయిపోతుందని ఆమె లెక్క. ఆమె లెక్కలో విరించి ప్రసాద్ గారు లేరు.

సీలు కొనాలంటే సొసైటీ చైర్మన్ లింగారావు సంతకం కావాలి. ఆయన కలం తీశాడు. "ఏం కారణం రాయాలె?"

"లీకేజీ," అన్నాడు బాలనర్సు.

లింగారావు లేచి తలుపు మూసి వచ్చాడు. కలానికి మూత పెట్టాడు. "గా మాట మళ్లనకు. బృందం రేపో మాపో వస్తున్నది. మండలంల లీకేజీ ఉన్నదని నా సంతకంతోని రాయాల్నా? పదుండ్లి సారు దగ్గరికి."

ప్రత్యేకాధికారి గారు విషయం సాంతం విన్నారు. విన్నాక కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఈ మండలంలో లీకేజీ అనేది పరిపాలనాపరంగా సాధ్యం కాదు. లీకేజీ లేదని ధ్రువీకరించి పైకి పంపాం. పైనుంచి అభినందన కూడా వచ్చింది. అభినందన వచ్చిన తర్వాత లీకేజీ ఎలా వస్తుంది?"

"చుక్కలు పడుతున్నయి సారు," అంది సత్తెవ్వ.

"పడుతూ ఉండవచ్చు. సదరు ప్రక్రియను మనం ద్రవ నిష్క్రమణ అంటాం. నిష్క్రమణ అంటే ద్రవం తన ఇష్టపూర్వకంగా వెళ్లడం. అందులో మన తప్పు లేదు."

"ఇష్టంతోని పోతే పోనీ. సీలొక్కటి ఇప్పియ్యుండ్లి. నా నారు ముదిరిపోతున్నది."

"నారు ముదరడం వ్యవసాయ శాఖ పరిధి. ఇక సీలు సంగతి. మరమ్మతు చేయించడమంటే లోపం ఉందని ఒప్పుకోవడం. లోపం లేని చోట మరమ్మతు చేయిస్తే దాన్ని దుర్వినియోగం అంటారు. నేను దుర్వినియోగానికి పాల్పడాలా?"

ఎవరూ పాల్పడమని అనలేదు. అయినా ఆయన ప్రజాపక్షపాతి కాబట్టి జీపెక్కి స్వయంగా షెడ్డుకు వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ట్రాక్టరు కిందికి తొంగి చూశారు. చాలాసేపు చూశారు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో వెలుగుంది.

"సమస్య దొరికింది. రంధ్రం."

"రంధ్రం కాదు సార్, సీలు," అన్నాడు గౌస్.

"నీళ్లు దేంట్లోంచి వస్తున్నాయి?"

"రంధ్రంలకెల్లి."

"మరి? ఈ రంధ్రం పెట్టడానికి ఎవరు అనుమతిచ్చారు?"

"కంపెనీ పెట్టింది సార్. ఫిర్యాదు చెప్పుకునే తొవ్వ అది."

ఫిర్యాదు అన్న మాట వినగానే విరించి ప్రసాద్ గారికి ఆ రంధ్రం మీద ఉన్న కాస్త జాలీ పోయింది. "పుట్టీ తెప్పించండి," అన్నారు.

గౌస్ అడ్డం నిలబడ్డాడు. ఒప్పుకోవాలి, ఆ రోజు అతను ముందుగా చెప్పిన వాటిలో నిజమైంది ఇదే. "సార్, అది మూస్తే నీళ్లు లోపట బేరింగులకు పోతయి. బేరింగు తుప్పు పట్టి పంపు పట్టేస్తది. బెల్టు తెగుతది. ఇంజిను ఖతం."

"బేరింగు ఎక్కడుంటుంది?"

"లోపట."

"మండలం ఎక్కడుంది?"

గౌస్ షెడ్డు బయటికి చూశాడు.

"బయట," అన్నారు విరించి ప్రసాద్ గారు. "నా పరిధి బయటిది. లోపల ఏం జరిగినా అది యంత్రం అంతర్గత వ్యవహారం."

పుట్టీ వచ్చింది. ఆయనే చేతులతో ముద్ద పిసికి, రంధ్రానికి అద్ది, బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. పత్రికలవాళ్లు వచ్చి ఫోటో తీసుకునేదాకా వేలు తీయలేదు. ఒక్క చుక్క కారలేదు. లింగారావు చప్పట్లు కొట్టాడు. మర్నాడు పత్రికలో 'నీటి చుక్కకు వేలు అడ్డుపెట్టిన అధికారి' అని వచ్చింది.

ఎర్రగీత దాటిన ముల్లు ఒక్కటే ఇంకా మొండికేసింది. ఇంజిను తిప్పిన ప్రతిసారీ ఎరుపులోకే పోయి నిలబడింది. దాని తీగ కోయించి, ముల్లును పచ్చగీత మీద నిలబెట్టి, జిగురుతో అంటించారు. అప్పటి నుంచి ఇంజిను ఆపి ఉన్నా, తిరుగుతున్నా, మండుతున్నా ముల్లు పచ్చగానే ఉంది. ఇంత స్థిరమైన ముల్లును బాలనర్సు తన సర్వీసులో చూడలేదు.

"ఇగ నడుపు," అన్నాడు లింగారావు.

"నడపలేను సార్. బృందం వచ్చేదాక పంపు తట్టుకుంటదో లేదో."

"అయితే వాళ్లొచ్చిన్నాడే నడుపు."

అలా సత్తెవ్వ వంతును బృందం వచ్చే రోజుకు మార్చారు. ఆమె రోజూ పొద్దున షెడ్డుకు, అక్కడి నుంచి నారుమడికి, మళ్లీ ఆఫీసుకు నడిచింది. నారు ఆకుల కొసలు పసుపెక్కాయి.

ఈలోపల మండలంలో పాలన మెరుగుపడింది. రంధ్రం మూస్తే చుక్క ఆగుతుందన్న సూత్రం చాలా పెద్దదని విరించి ప్రసాద్ గారికి అర్థమైంది. ఆఫీసులో అర్జీలు తీసుకునే కిటికీ ఉంది. అర్జీలన్నీ అందులోంచే వస్తున్నాయని పరిశీలనలో తేలింది. కిటికీకి చెక్క కొట్టించారు. ఆ వారం ఒక్క అర్జీ రాలేదు. మండలం తృప్తిగా ఉందని పైకి రాశారు. ఆసుపత్రిలో జ్వరాలు ఎక్కువయ్యాయంటే జ్వరం కొలిచే గొట్టాలన్నీ వెనక్కి తీసుకున్నారు. జ్వరాలు పోయాయి. రోగులు మాత్రం ఉన్నారు, కాని వాళ్లకేముందో ఎవరికీ తెలియదు. బడిలో పిల్లలు అర్థం కాలేదని చెయ్యెత్తుతున్నారని తెలిసి, చెయ్యెత్తడం ఆపించారు. మూడు ఊళ్ల బడుల్లో అందరికీ అన్నీ అర్థమైపోయాయి.

సత్తెవ్వ కిటికీ చెక్క మీద తట్టింది. లోపలి నుంచి అటెండరు అన్నాడు, "చెక్క మీద కొట్టొద్దమ్మా, సార్లు తృప్తిగ ఉన్నరు."

"నీ తృప్తిల మన్నువడ! దమ్ము ఎప్పుడని అడుగు!"

"అడిగితే అర్జీ అయితది. అర్జీలు బందైనయి."

చివరికి బృందం వచ్చింది. దాని పెద్ద ఒక రిటైరైన ఇంజనీరు, తెల్ల బూట్లేసుకున్నాడు. సొసైటీ ట్రాక్టరు పనిచేస్తుంటే చూస్తానన్నాడు. అందరూ సత్తెవ్వ పొలం గట్టు మీదికి వచ్చారు. షామియానా వేశారు. పతాకం ఒక కుర్చీలో కూర్చుంది, దానికి కూడా నీడ కావాలి కదా.

బాలనర్సు ఇనుప చక్రాలు బిగించిన ట్రాక్టరును మడిలోకి దించాడు. బురద తిరగబడింది. కొంగలు వెనకాలే దిగాయి. సత్తెవ్వ గట్టు మీద నారు కట్టలు సర్దుకుంటూ, ఒక్కో సాలు అయ్యేకొద్దీ పెదవులతో లెక్కపెడుతోంది. సగం మడి అయింది. అప్పుడు పంపు కీచుమంది.

"ఆ శబ్దం ఏమిటి?" అన్నాడు బృందం పెద్ద.

"యంత్రం ఉత్సాహంగా ఉంది సార్," అన్నారు విరించి ప్రసాద్ గారు.

కీచు కాస్తా గోల అయింది. బెల్టు లోంచి పొగ లేచింది. రేడియేటర్ మూత దగ్గర ఆవిరి బుసకొట్టింది.

"పొగ వస్తోంది."

"పొగ ద్రవం కాదు సార్. ఆవిరి కూడా కాదు. మా ధ్రువీకరణ ద్రవాలకే."

బాలనర్సు పచ్చగీత మీద అంటించిన ముల్లును ఒకసారి చూసి, దాన్ని నమ్మకుండా ఆపే మీట లాగేశాడు. ఇంజిను బతికింది. పంపు చచ్చింది. ట్రాక్టరు సగం మడిలో, గట్టు పక్కనే, మోకాలి లోతు బురదలో నిలిచిపోయింది.

బృందం పెద్ద గట్టు మీది నుంచి వంగి కిందంతా చూశాడు. "ఒక్క చుక్క కూడా కారడం లేదు. అభినందనలు." విరించి ప్రసాద్ గారు చేతులు కట్టుకుని వంగారు. లింగారావు పతాకం తేవడానికి కుర్చీ వైపు నడిచాడు.

సత్తెవ్వ కొడవలి తీసుకుని మడిలోకి దిగింది.

"అక్కా, కాలుతది! దూరంకెల్లి, దూరంకెల్లి!" గౌస్ కేకేశాడు. ఆమె పక్కకు నిలబడి, చెయ్యి చాచి, కొడవలి మొనతో పుట్టీ ముద్దను గీకింది. రెండోసారికి ఊడింది. లోపల ఇన్నాళ్లు నోరు మూసుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. తుప్పు రంగులో, పొగలు కక్కుతూ, గట్టు మీదికి చిమ్మింది. బృందం పెద్ద తెల్ల బూట్లు ఎర్రబడ్డాయి.

"ఇది లీకేజీ కాదా?" అన్నాడు ఆయన.

లింగారావు పక్కకు జరిగాడు. కొంగలు కూడా పక్కకు జరిగాయి. విరించి ప్రసాద్ గారు ముందు ట్రాక్టరు వైపు, తర్వాత పతాకం వైపు చూశారు. అలాంటి వేళల్లోనే గొప్ప అధికారులెవరో తెలుస్తుంది.

"సార్, ఈ పొలం మా మండలంలోది కాదు," అన్నారు.

"ఏందీ?" అంది సత్తెవ్వ. "మా అత్త దున్నింది, నేను దున్నుతున్న, మా మండలం గాదా?"

"పక్క మండలం," అన్నాడు లింగారావు గబగబా. "మండలం సరిహద్దు గెట్టు ఇటేపు ఉన్నది."

"మంచిది," అన్నాడు బృందం పెద్ద. బూట్లు దులుపుకుని పతాకం ఇచ్చి వెళ్లిపోయాడు.

చెప్పిన మాట నిజం చేయడం విరించి ప్రసాద్ గారికి అలవాటు. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. సదరు రెండెకరాలను, అందులోని స్థిర చరాస్తులతో సహా, పక్క మండలంలో కలపడమైనది. చరాస్తి అంటే ట్రాక్టరు. పక్క మండలం అభ్యంతరం చెప్పలేదు. వాళ్లకు బోర్డు లేదు, పతాకం లేదు, కారేవి కారుతుంటాయి, కారినప్పుడు బాగుచేసుకుంటారు. వెనకబడిన మండలం.

ఉత్తర్వు చదివి వినిపించగానే గౌస్ లేచాడు. "అంటే ఈ మడిల లీకేజీ అనొచ్చు?"

"అను," అంది సత్తెవ్వ.

"లీకేజీ!" అన్నాడు గట్టిగా. ఎవరూ అరెస్టు చేయలేదు. అతను ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగి పంపు విప్పాడు. సీలు మారిస్తే సరిపోయే పని పంపు మొత్తం మార్చే పని అయింది. పాత బండి నుంచి తీసిన పంపును పక్క మండలంలో ఎవరిదగ్గరి నుంచో పట్టుకొచ్చి బిగించాడు. ఈసారి రంధ్రాన్ని గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసి, "మాట్లాడు తల్లీ, నీకేమన్నయితే చెప్పు," అన్నాడు. మిగిలిన సగం మడి దమ్ము అయింది.

నారు మాత్రం ముదిరిపోయింది. నాటేసే ఆడవాళ్లు కొసలు తుంచి, కుదురుకు మూడు మొక్కలు పెట్టే చోట ఆరేసి పెట్టారు, పిలకలు వేయకపోయినా మడి నిండాలని. ఈసారి పంట పోయినసారంత రాదు. ఎవరి వల్ల తగ్గిందో రాసుకోవడానికి కిటికీ లేదు.

సంగతి పాకింది. కారే మోటారు, కారే స్ప్రేయరు, కారే బిందె, ఏదున్నా జనం సత్తెవ్వ గట్టు మీదికి తేవడం మొదలుపెట్టారు. బాగు చేయించుకోవాలంటే అదొక్కటే చోటు. పిల్లలు అర్థం కాని లెక్కలు పట్టుకొచ్చారు. జ్వరం వచ్చినవాళ్లు గెట్టు దాటి వచ్చి నుదురు చూపించుకుని పోయారు. ఆ తర్వాత జనం ఆఫీసుకు పోయి, మూసిన కిటికీ ముందు నిలబడి, మా పొలాలు కూడా మండలంలోంచి తీసేయండి సారూ అని అరవడం మొదలుపెట్టారు. అర్జీలు లేవు కాబట్టి ఎవరూ విననట్టే లెక్క. కానీ ఒక్కో పొలంలో ఒక్కో మోటారు కారుతుంటే విరించి ప్రసాద్ గారికి వేరే దారి లేకపోయింది. ఒక్కొక్కటే తీసేశారు. మండలం రోజురోజుకూ తగ్గింది, రోజురోజుకూ మరింత శుభ్రమైంది. చివరికి ఆఫీసు, దాని ప్రహరీ, బస్టాండు మిగిలాయి.

ఒకరోజు మధ్యాహ్నం సత్తెవ్వ కలుపు తీస్తుంటే గట్టు మీద జీపు ఆగింది. బానెట్ లోంచి ఆవిరి వస్తోంది. విరించి ప్రసాద్ గారు దిగారు. మడిలో పదిమంది ఆడవాళ్లు నడుము వంచి ఉన్నారు. ఆయన అటూ ఇటూ చూసి, గట్టు దిగి రెండడుగులు లోపలికి వచ్చారు.

"గౌస్ ఉన్నాడా?"

"ఉన్నడు. ఏమైంది సారు?"

"ఏమీ కాలేదు. ఊరికే చూపిద్దామని."

"ఏం గాకపోతే వాడేం చేస్తడు? గీడ నోటితోని చెప్తెనే పని."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. వెనక్కి, ఆఫీసు ఉన్న వైపు చూశారు. జీపు కింద ఆకుపచ్చ మడుగు సత్తెవ్వ గట్టు మీదుగా పాకుతోంది. చాలా మెల్లగా, పెదవులు మాత్రమే కదిలేలా, ఆ మాట అన్నారు.

మడిలో కలుపు తీస్తున్న చేతులన్నీ ఆగాయి.

ఆ చివర నుంచి ఒకామె తలెత్తి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏందో అంటున్నడు సారు. జర గట్టిగ చెప్పుమను. ఈడిదాక ఇనవడలే."